దీవి, కుటుంబం, ఋతుచక్రం: ఎలియట్ పోర్టర్ ఛాయాచిత్రాలపై కొన్ని పరిశీలనలు

మన కావ్యలక్షణాల్లో అష్టాదశ వర్ణనలకు ఉన్న స్థానం విద్యార్థులకు తెలిసిందే. ఆ పద్దెనిమిదింటిలో ఋతువర్ణన ఒకటి. పరీక్షలో అడిగితే నగరం, సముద్రం, పర్వతం, సూర్యోదయం, చంద్రోదయం అంటూ జాబితా రాసి ఊరుకుంటాం. అయితే ఋతువును వర్ణించడమంటే ఏమిటి, ఆ వర్ణనలో ఇంటికి చోటుందా, చూసేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడు అనే ప్రశ్నలు జాబితాతో తేలేవి కావు. ఈ ప్రశ్నలను మన కావ్యాలకు దూరంగా, వేరొక దేశంలో, వేరొక మాధ్యమంలో పెట్టి చూస్తే కొంత స్పష్టత కలుగుతుందని మేము భావిస్తున్నాము. అందుకోసం అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో ఒక చిన్న దీవిని, అక్కడ వేసవులు గడిపిన ఒక కుటుంబాన్ని, ఆ కుటుంబంలో పెరిగిన ఎలియట్ పోర్టర్ (1901–1990) అనే ఛాయాగ్రాహకుణ్ణి ఇక్కడ పరిశీలిస్తున్నాము.

దీవి, మనుషులు

పోర్టర్ షికాగో సమీపంలోని విన్నెట్కాలో పుట్టాడు. తండ్రి జేమ్స్ పోర్టర్ వాస్తుశిల్పి. ఆయన 1912లో మెయిన్ తీరాన పెనాబ్‌స్కాట్ అఖాతంలో ఉన్న గ్రేట్ స్ప్రూస్ హెడ్ అనే దీవిని కొన్నాడు. అక్కడ తానే ఇల్లు కట్టించాడు. ఆనాటి నుంచి ఏటా ఎండాకాలం రాగానే కుటుంబమంతా ఆ దీవికి చేరడం ఆనవాయితీ అయింది. చిన్ననాడే ఎలియట్ చేతికి ఒక పెట్టె కెమెరా వచ్చింది. దానితో అతడు దీవి మీది పక్షులను ఫొటో తీయడం మొదలుపెట్టాడు. తమ్ముడు ఫెయిర్‌ఫీల్డ్ పోర్టర్ (1907–1975) పెద్దయ్యాక చిత్రకారుడయ్యాడు, కళావిమర్శకుడుగానూ పేరు తెచ్చుకున్నాడు. ఒకే దీవి, ఒకే ఇల్లు, ఒకే ఎండాకాలం ఇద్దరన్నదమ్ముల చేతుల్లో రెండు విధాలుగా రూపొందడం మన చర్చకు కీలకం.

ఎలియట్ ముందుగా కళాకారుడు కాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజనీరింగు చదివి, 1929లో వైద్యపట్టా పుచ్చుకొని, అక్కడే జీవరసాయన, సూక్ష్మజీవ శాస్త్రాలు బోధించాడు. తమ్ముడి ద్వారా న్యూయార్కులో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌తో పరిచయమైంది. 1938–39 చలికాలంలో స్టీగ్లిట్జ్ తన ప్రదర్శనశాలలో అతని నలుపు తెలుపు చిత్రాలను ప్రదర్శించాడు. ఆ తరువాత 1939లో పోర్టర్ ఉద్యోగం వదలి పూర్తిగా ఫొటోగ్రఫీకి అంకితమయ్యాడు.

రంగు ఎందుకు?

ఆ రోజుల్లో కళాత్మకమైన ఛాయాచిత్రమంటే నలుపు తెలుపే. రంగు ప్రకటనలకు, పత్రికల అట్టలకు సరిపోతుందనే భావన బలంగా ఉండేది. పోర్టర్ రంగులోకి వచ్చిన కారణం గమనార్హం. తన పక్షుల చిత్రాలను పుస్తకంగా వేయమని ఒక ప్రచురణ సంస్థను అడిగితే, రంగు లేనిదే ఏది ఏ పక్షో పోల్చుకోవడం కష్టమని వారు తిరస్కరించారు. అంటే అతనికి రంగు మొదట అలంకారంగా రాలేదు, గుర్తుపట్టే సాధనంగా వచ్చింది. భాషాశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే రంగు ఇక్కడ భేదకం. మన భాషలో ‘కల’కూ ‘కాల’కూ మధ్య అచ్చు నిడివి ఎలా అర్థభేదం కలిగిస్తుందో, రెండు పిట్టల మధ్య రెక్క మీది పసుపు చార అలా జాతిభేదం చూపుతుంది. ఈ శాస్త్రదృష్టి పోర్టర్‌ను చివరి దాకా వదలలేదు. పిట్టగూడు చెట్టు కొమ్మన ఉంటే అంత ఎత్తు మంచె కట్టి, దీపాలు అమర్చి, గంటల తరబడి కనిపెట్టుకొని ఉండేవాడు.

ఇక అచ్చు పద్ధతి సంగతి. పోర్టర్ తన చిత్రాలను రంగు బదిలీ అనే పద్ధతిలో తానే అచ్చు వేసుకునేవాడు. ఒక్క చిత్రం నుంచి మూడు వేర్వేరు నెగెటివులు తీసి, వాటితో మూడు జిలెటిన్ అచ్చులు చేసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క రంగు పట్టించి, ఒకే కాగితం మీద ఒకదాని తరువాత ఒకటి అంగుళంలో వెంట్రుకవాసి తేడా రాకుండా దించాలి. కలంకారీలో రంగు తరువాత రంగు ఎక్కించే ఓపికను ఎరిగినవారికి ఈ శ్రమ తేలికగా అర్థమవుతుంది. ఏ రంగు ఎంత ముదరాలో, ఎంత తగ్గాలో అచ్చు వేసేవాడే నిర్ణయిస్తాడు. కాబట్టి ఈ చిత్రాలు యంత్రం చూసినది చూసినట్టు ఇచ్చిన నకళ్లు అనుకోవడం పొరపాటు. ఈ పద్ధతికి కావలసిన సామగ్రిని కొడాక్ కంపెనీ 1994లో ఆపేసింది. ఇవాళ ఆ మూలప్రతులను సంగ్రహశాలల్లో చూడవలసిందే. పోర్టర్ తన చిత్రసంచయాన్ని టెక్సస్‌లోని ఏమన్ కార్టర్ మ్యూజియానికి రాసి ఇచ్చాడు.

ఋతువుల పుస్తకం

పోర్టర్ చిత్రాలు మొదట ‘ది సీజన్స్’ అనే పేరుతో ప్రదర్శనగా వచ్చాయి. వాటి పక్కన హెన్రీ డేవిడ్ థోరో (1817–1862) రచనల నుంచి తీసిన భాగాలను పెట్టారు. థోరోను చదవమని ప్రోత్సహించినది చిత్రకారిణి అయిన అతని భార్య ఎలీన్. 1962లో సియెరా క్లబ్బు అనే ప్రకృతి సంరక్షణ సంస్థ డేవిడ్ బ్రోవర్ సంపాదకత్వంలో దీన్ని పెద్ద పుస్తకంగా వేసింది. పేరు ‘ఇన్ వైల్డ్‌నెస్ ఈజ్ ది ప్రిజర్వేషన్ ఆఫ్ ది వరల్డ్’. ఇది థోరో వ్యాసం ‘వాకింగ్’లోని మాట. పుస్తకం ధర 25 డాలర్లు, అప్పటికి చాలా ఎక్కువ. అయినా పాఠకులు విరగబడి కొన్నారు.

ఈ పేరులోని ఒక పదం దగ్గర ఆగాలి. థోరో వాడినది ‘వైల్డ్‌నెస్’, ‘వైల్డర్‌నెస్’ కాదు. ఇంగ్లీషు వచ్చినవారు కూడా ఈ రెంటినీ కలిపేస్తుంటారు. రెండోది స్థలం: ఊరికి దూరంగా, మనిషి నివాసం లేని చోటు. మొదటిది గుణం. తెలుగులో ‘అడవి’ అనే మాటకూ ‘అడవితనం’ అని మనం కల్పించుకోగల మాటకూ ఉన్న తేడా అది. అడవికి వెళ్లాలంటే ప్రయాణం చేయాలి. అడవితనం పెరటి గోడ మీద నాచులో, చూరు కింద పిచ్చుక గూటిలో కూడా ఉంటుంది. 1964లో అమెరికా చట్టసభ చేసిన ‘వైల్డర్‌నెస్’ చట్టం స్థలాలను కాపాడింది. గుణాన్ని కాపాడే చట్టం ఏ దేశంలోనూ సాధ్యం కాదు. ఆ పని చూపు చేయాలి.

పోర్టర్ గొప్పదనం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. అతని చిత్రాల్లో మహాపర్వతాలు, జలపాతాలు తక్కువ. చాలా వాటిలో ఆకాశమే కనిపించదు. బాగా పేరు పొందిన ఒక చిత్రం శీర్షిక ఇలా ఉంటుంది: వాగులో మడుగు, పాండ్ బ్రూక్, న్యూ హాంప్‌షైర్, 1953 అక్టోబరు 4. నిలకడగా ఉన్న నీటిమీద రాలిన ఆకులు, ఆ నీటిలో పైనున్న ఆకాశపు నీలి నీడ. అంతే. శరదృతువు వచ్చిందని చెప్పడానికి అడవంతా ఎర్రబడినట్టు చూపలేదు. శీర్షికలో చోటు, తేదీ ఉన్నాయి, విశేషణం లేదు. మన రాతి శాసనాల్లో శకవర్షం, మాసం, తిథి, గ్రామం చెప్పి విషయానికి వచ్చే పద్ధతి లాంటిది ఇది. కావ్యంలో వసంతం ఏ ఊరిదైనా కావచ్చు. అదే కోకిల, అదే మామిడి చిగురు. పోర్టర్ శరత్తు మాత్రం ఆ వాగుది, ఆ రోజుది. మరునాటికి ఆ ఆకులు అక్కడ ఉండవు. 1979లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం అతని చిత్రాలను ప్రదర్శించింది. రంగుల ఛాయాచిత్రాలతో ఒక్కరి పేర ఆ సంస్థ జరిపిన మొదటి ప్రదర్శన అదే.

ఇంటివాళ్లు ఏరీ?

మెచ్చుకోవలసినది మెచ్చుకున్నాక లోటు కూడా చెప్పాలి. 1962 నాటి పుస్తకంలో నాలుగు ఋతువులూ గడుస్తాయి గాని వాటిలో మనుషులు కనిపించరు. కట్టెలు కొట్టినవారు లేరు, చేపలు పట్టినవారు లేరు, పండ్లు కోసినవారు లేరు. అడవితనం గుణమే అయితే, అది మనిషి ఉన్నచోట ఎందుకు ఉండకూడదు? పదం చెప్పినదానికీ చిత్రం చూపినదానికీ ఇక్కడ పొత్తు కుదరలేదు. థోరో పదం గుణాన్ని చెప్పింది, పుస్తకం తిరిగి నిర్జన స్థలాన్నే చూపింది.

1966లో అదే సంస్థ పోర్టర్ రాసిన ‘సమ్మర్ ఐలండ్: పెనాబ్‌స్కాట్ కంట్రీ’ని ప్రచురించింది. ఇందులో దీవి కథ, తండ్రి కథ, బాల్యం, పడవలు, ఇల్లు వస్తాయి. అయితే కుటుంబం ప్రధానంగా వచనంలో నడుస్తుంది. రంగు మాత్రం ఎక్కువగా రాయికీ నాచుకూ పువ్వుకూ సముద్రానికీ దక్కింది. ఒకే పుస్తకంలో జ్ఞాపకానికి ఒక భాష, ప్రకృతికి మరొక భాష అయింది.

ఇక్కడ తమ్ముణ్ణి గుర్తు చేసుకోవాలి. ఫెయిర్‌ఫీల్డ్ పోర్టర్ అదే దీవి మీద వేసిన ‘ది స్క్రీన్ పోర్చ్’ (1964) అనే తైలవర్ణ చిత్రంలో దోమతెర బిగించిన వసారా ఉంది. అతని ఇద్దరు కూతుళ్లు, భార్య, వారితో పాటు నివసించిన కవి జేమ్స్ స్కైలర్ అక్కడ ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ మాటలాడుతున్నట్టు లేరు. ఎండాకాలపు మధ్యాహ్నంలో ఒకే ఇంటివాళ్లు ఎవరి ఆలోచనలో వారు ఉండే స్థితి అది. ఋతువు అక్కడ చెట్టులో లేదు, మనుషుల మధ్య ఉన్న ఎడంలో ఉంది. 1969 నాటి ‘ఐలండ్ ఫామ్‌హౌస్’లో తెల్లని గోడ మీద పడిన ఎండ ఆ దీవి పగటిపూటను ఎంత కచ్చితంగా పట్టిస్తుందో, అన్న తీసిన ఏ పువ్వుకూ అది తీసిపోదు. అన్న ఇంటికి వీపు పెట్టి నిలబడి చూశాడు, తమ్ముడు ఇంటిని కూడా కలుపుకొని చూశాడు. ఈ వాక్యంలో తీర్పు కంటే స్థాన నిర్దేశం ముఖ్యం. చూసేవాడి స్థానం మారితే ఋతువే మారుతుంది.

‘మేము’, ‘మనం’

ఈ తేడాను చెప్పడానికి మన భాషలో ఒక మంచి సాధనం ఉంది. ఉత్తమపురుష బహువచనంలో తెలుగు ‘మేము’, ‘మనం’ అని రెండు రూపాలు పాటిస్తుంది. వినేవాణ్ణి బయట పెట్టేది మేము, లోపలికి తీసుకునేది మనం. తమిళంలో ‘నాంగళ్’, ‘నామ్’ ఉన్నాయి. మరాఠీలో ‘ఆమ్హీ’, ‘ఆపణ్’ ఉన్నాయి. నేటి కన్నడంలో ‘నావు’ ఒక్కటే రెంటికీ సరిపోతుంది. ఇంగ్లీషు కూడా అంతే. అందుచేత పోర్టర్ వచనంలోని ‘వియ్’ అనే మాటను తెలుగులోకి తేవాలంటే ప్రతిచోటా ఆగి ఆలోచించాలి.

‘సమ్మర్ ఐలండ్’లోని కుటుంబ కథ నిస్సందేహంగా ‘మేము’. కొనుక్కున్న దీవి అది, పాఠకుడు అక్కడ అతిథి మాత్రమే. ఋతువుల పుస్తకం ‘మనం’గా వినిపించాలని కోరుకుంటుంది. ఈ ఆకు, ఈ నీరు అందరివీ, వీటిని మనం కాపాడుకుందాం అంటుంది. అయితే ఆ ‘మనం’ ఎలా సాధ్యమైంది? చిత్రంలోంచి ఇంటిని, సొంతదారుని, పనివాణ్ణి తొలగించడం వల్ల. ఎవరిదీ కానట్టు కనిపించేదే అందరిదిగా తోస్తుంది. ఇది ప్రకృతి ఛాయాచిత్రంలో ఉన్న బలం, దానిలోనే ఉన్న మోసం కూడా. ఆ అఖాతానికి పేరు ఇచ్చిన పెనాబ్‌స్కాట్ జాతివారు నేటికీ మెయిన్‌లో ఉన్నారు. 1857లో థోరో మెయిన్ అడవుల్లో తిరిగినప్పుడు దారి చూపినది జో పోలిస్ అనే పెనాబ్‌స్కాట్ మనిషి. ‘పెనాబ్‌స్కాట్ కంట్రీ’ అనే శీర్షికలో ఆ పేరు మిగిలింది. పేరు మిగిలి మనిషి కనిపించకపోవడం ఏమిటో, ఊరి పేర్లలో తెలుగు మిగిలి మాటలో తరిగిపోతున్న చోట్ల ఉండే విద్యార్థులకు మేము వివరించనక్కరలేదు.

ఒక్క కాలపు చూపు

మరొక విషయం. దీవి వారిది ఎండాకాలపు నివాసం. మెయిన్‌లో ఏడాది పొడుగునా ఉండేవారికి చలికాలానికీ వసంతానికీ నడుమ మంచు కరిగి దారులన్నీ అడుసైపోయే ‘బురదకాలం’ అని ఒకటుంది. నాలుగు ఋతువుల లెక్కలో దానికి చోటు లేదు. అది ఉండిపోయినవారి మాట, వచ్చిపోయేవారిది కాదు. మన దగ్గర కూడా అంతే. పుస్తకాల్లో ఆరు ఋతువులు, వాడుకలో ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడే. సేద్యం చేసేవాడికి మాత్రం రోహిణి, మృగశిర, ఆరుద్ర అంటూ కార్తెలు. కాలాన్ని ఎంత సన్నగా కోస్తారన్నది ఆ నేలతో ఎంత పని ఉన్నదన్న దానిమీద ఆధారపడుతుంది.

ఇంటిని వదలకుండా ఋతువును చెప్పడం సాధ్యమా అంటే, సాధ్యమేనని మన సాహిత్యమే చూపింది. విజయనగరంలో ఉండి తెలుగులో రాసిన శ్రీకృష్ణదేవరాయలు, తమిళదేశంలోని విల్లిపుత్తూరులో జరిగే ‘ఆముక్తమాల్యద’ కథలో విష్ణుచిత్తుడి ఇంటి ఆతిథ్యాన్ని మూడు కాలాల్లో చూపాడు. ముసురు పట్టిన రోజుల్లో తడి కట్టెల పొగ కళ్లలో పడకుండా ఇల్లాలు కొబ్బరి పొత్తులతో పొయ్యి రాజేస్తుంది. ఎండాకాలంలో పలుచని అంబలి, చెరకు రసం, ఎలనీరు, నీరుచల్ల. చలికాలంలో మిరియాల కారం, ఆవపచ్చడి, వేడి నెయ్యి, పాలు. అక్కడ వాన ఆకాశంలో కంటే పొయ్యి దగ్గర ఎక్కువ తెలుస్తుంది. చేసిన చెయ్యి కూడా పద్యంలో కనిపిస్తుంది. అయితే రాయలు చూపనిది పోర్టర్ చూపాడు. విష్ణుచిత్తుడి ఇంట ఏ వాన అయినా వానే. పోర్టర్ వాగులో ఆ ఒక్క అక్టోబరు నాలుగో తేదీ మాత్రమే ఉంది. ఒకటి నిత్యమైన ఋతువు, మరొకటి తిరిగిరాని ఋతువు. విద్యార్థి రెంటినీ నేర్చుకోవాలి.

చిత్రం ఏమి కాపాడింది?

ఈ చిత్రాలు ఉద్యమ సాధనాలుగా కూడా పనిచేశాయి. 1963లో సియెరా క్లబ్బు పోర్టర్ చిత్రాలతోనే కొలరాడో నది మీది గ్లెన్ లోయను గురించి ‘ది ప్లేస్ నో వన్ న్యూ’ అనే పుస్తకం వేసింది. కాని ఆ ఏడాదే ఆనకట్ట తలుపులు మూశారు, లోయ మునిగింది. పుస్తకం శోకగీతంగా మిగిలింది. దానిని చూసినవారు తరువాతి పోరాటాల్లో ముందే మేలుకున్నారన్నది నిజమే. అయినా మునిగిన లోయకు అది ఆలస్యమే. జలాశయాల కింద ఊళ్లు మునిగిన చరిత్ర తెలుగువారికి కొత్త కాదు. శ్రీశైలం ముంపులో ఆలయాలను రాయి రాయి విప్పి వేరేచోట తిరిగి కట్టారు. ఊరి ఎండాకాలాన్ని అలా విప్పి కట్టలేం. అందుకే ఉన్నప్పుడే తేదీ వేసి చూడడం అవసరం.

మా విద్యార్థుల్లో చాలామందికి పూర్వుల ఊరు ‘ఎండాకాలపు దీవి’ లాంటిదే. సెలవులకో పండుగకో వెళ్తారు. చేతిలో ఫోను ఉంటుంది కాబట్టి ఫొటోలకు కొదవ లేదు. ఆ ఊరి తెలుగు కూడా చాలామందికి సెలవుల తెలుగే. అలా తీసిన బొమ్మల్లో ఊరు ఎప్పుడూ సంక్రాంతిగానో మామిడిపండ్ల కాలంగానో ఉంటుంది, ఎప్పుడూ ఎవరూ పని చేస్తున్నట్టు ఉండదు. ఇది పోర్టర్ లోటే, అతని నైపుణ్యం లేకుండా. ఇంకా చెప్పాలంటే, హొసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో షోలాపూరులోనో యానాంలోనో తాము పన్నెండు నెలలూ ఉండే ఇంటి ఋతువులు ఫొటో తీయదగినవిగా వారికి తోచవు. తెలుగు ఋతువు ఎక్కడో ఉందనీ, తామున్నది ఋతువు లేని చోటనీ అనుకుంటారు. మాకు అభ్యంతరం ఇక్కడే.

కాబట్టి ఒక పని సూచిస్తున్నాము. మీరు నివసించే ఇంటికి వంద గజాల లోపల, ఏడాది పొడుగునా, నెలకు ఒక్క ఛాయాచిత్రం తీయండి. పోర్టర్ లాగా చోటు, తేదీ రాయండి. విశేషణాలు వద్దు. అతడు చేయని పని ఒకటి చేర్చండి. ఆ చిత్రంలో ఉన్న చెట్టును, వానను, పనిని మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాటతో పిలుస్తారో అడిగి కింద రాయండి. అది పక్కభాష నుంచి వచ్చిన మాట అయితే అలాగే ఉంచండి, దిద్దకండి. పన్నెండు చిత్రాలు, పన్నెండు మాటలు చేరాక, వాటిలో ఎన్ని ‘మేము’ అంటున్నాయో, ఎన్ని ‘మనం’ అంటున్నాయో లెక్క చూసుకోవచ్చు. ఋతువర్ణన గురించి ఆ తరువాత తరగతిలో మాట్లాడుకుందాం.